కొయ్య నేలలు: నిజమును, ప్రతిరూపమును

ఇల్లు కట్టుకొనువారు గోడల రంగును గూర్చియు, ద్వారబంధముల నగిషీని గూర్చియు ఎంతయో ఆలోచింతురు. నేలను గూర్చిన ఆలోచన తఱచు చివరకు మిగులును. కాని యింటిలో మన శరీరము నిత్యము తాకునది నేల యొక్కటియే. గోడను ముట్టకయే ఒక దినము గడచిపోవచ్చును. నేలపై అడుగు మోపక గడియ గడవదు. పసిపిల్లలు ప్రాకుటయు, పెద్దలు చాప పఱచుకొని నడుము వాల్చుటయు దానిపైననే. అట్టి దానిని ఎన్నుకొనునపుడు కంటికి నచ్చినదా, చేతికి అందు ధరయా అను రెండు విషయములతోనే తృప్తిపడుట చాలదు.

హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలో అంతస్తుల యిండ్లు కొనువారికి, ముఖ్యముగా పడకగదుల విషయమున, నేడొక క్రొత్త ప్రశ్న ఎదురగుచున్నది. అమెరికాలోను, ఇంగ్లండులోను కాపురముండు తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న ఇదివఱకే పరిచితము. దుకాణమునకు పోయినచో వర్తకుడు రెండు పలకలు ముందుంచును. ఒకటి లామినేటు, రెండవది ఇంజనీర్డు వుడ్డు. రెండును ఓకు కొయ్యవలెనో, టేకువలెనో కనబడును. రెంటికిని నాలుకయు గాడియు నుండును. రెంటిని గూడ వాడుకలో “కొయ్య నేల” అనియే పిలుచుచున్నారు. ధరలో మాత్రము పెద్ద వ్యత్యాసము కలదు. ఈ వ్యత్యాసమునకు కారణమేమి? తక్కువ ధరకు దొరకునది మోసమా? ఎక్కువ ధరకు దొరకునది ఆడంబరమా? ఈ రెండు వస్తువుల పుట్టుపూర్వోత్తరములు తెలిసికొన్నగాని ఈ సందేహము తీరదు.

మొదట మన నేలలను స్మరింతము. పేడతో అలికి ముగ్గుపెట్టిన మట్టి నేల, సున్నపు గచ్చు, తాండూరు బండ, బేతంచెర్ల రాయి, కడప నల్లరాయి, తరువాతి కాలమున సిమెంటు: ఇవి మన యిండ్లలోని నేలలు. కొయ్యను మనము స్తంభములకు, దూలములకు, తలుపులకు, అటకలకు వాడితిమి గాని నేలపై పఱచుట మనకు ఆచారము కాలేదు. ఇందుకు కారణములు స్పష్టములు. రాయి పాదమునందలి వేడిమిని శీఘ్రముగా లాగికొనును. కావున చల్లగా తోచును. కొయ్య వేడిమిని మెల్లగా గ్రహించును. కావున వెచ్చగా తోచును. గదిలోని ఉష్ణోగ్రత ఒక్కటియే యైనను పాదమునకు తెలియు భేదమిది. మంచు కురియు దేశములవారికి వెచ్చని నేల వరము. మండుటెండల దేశమువారికి చల్లని నేల వరము. ఇక రెండవ కారణము నీరు. నేలను నీళ్ళుపోసి కడుగుటయు, తడిగుడ్డతో తుడుచుటయు మన శుభ్రతకు గుర్తులు. మూడవ కారణము చెదలు. ఈ మూడింటిని మఱవక ముందునకు సాగుదము.

కొయ్య చెట్టునుండి వేఱైన తరువాత గూడ గాలిలోని తేమతో సంబంధము వదలుకొనదు. వానకాలమున తేమను పీల్చి ఉబ్బును. ఎండకాలమున తేమను విడిచి కుంచించుకొనును. వానకాలమున తలుపు బిగిసికొనుట మనమందఱము ఎఱిగినదే. విశేషమేమనగా, ఈ మార్పు పలక నిడివిలో దాదాపు శూన్యము, వెడల్పులోనే అధికము. అందును, చెట్టు వలయముల వెంబడి కలుగు మార్పు, నడిమినుండి బెరడు వైపునకు కలుగు మార్పునకు సుమారు రెండు రెట్లుండును. అందుచేతనే వెడల్పైన పలక వంగును, దొప్పవలె లేచును, ఎండినపుడు సందులు విడుచును. కొయ్య నేలల చరిత్ర యంతయు నిజమునకు ఈ తేమతో మానవుడు జరిపిన పోరాటము యొక్క చరిత్రయే.

ఫ్రాన్సు రాజుల వెర్సాయి ప్రాసాదమున జరిగిన సంగతి యొకటి ఇచట చెప్పదగియున్నది. అచట పాలరాతి నేలలను తఱచు కడుగవలసి వచ్చుచుండెను. ఆ నీరు సందులగుండ దిగి క్రిందనున్న కొయ్య దూలములను చివుకజేయుచుండెను. 1684 లో పాలరాయిని తొలగించి ఆ స్థానమున ఓకు కొయ్యతో కూర్చిన చట్రపు పలకలను అమర్చిరి. వానినే పార్కే నేలలందురు. 1693 లో స్వీడను దేశీయుడగు దానియేల్ క్రోన్‌స్ట్రోమ్ వానిని గూర్చి వ్రాసియున్నాడు. ఆ కూర్పునందలి నేర్పు గమనింపదగినది. వెడల్పైన పలకకు బదులు చిన్నచిన్న ముక్కలను ఏటవాలుగా నల్లినట్లు చట్రమున బిగించిరి. ముక్క చిన్నదైనపుడు దాని ఉబ్బును చిన్నదియే యగును. ఒకదాని కదలికను మఱియొకటి అడ్డుకొనును. ఈ నేర్పు గొప్పదే; కాని ఒక్కొక్క చట్రమును చేతితో కూర్పవలసిన పని అది. కావున అట్టి నేల రాజులకును, ధనికులకును మాత్రమే అందుబాటులో నుండెను.

అడ్డముగా పేర్చిన పొరలు ఒకదాని నొకటి నిలుపునను రహస్యము ఫ్రెంచివారికంటె చాల ముందే లోకమునకు తెలియును. ఈజిప్టులో సక్కారా యొద్దనున్న మెట్ల పిరమిడ్డున ఆఱు పలుచని కొయ్య పొరలతో చేసిన శవపేటిక యొకటి బయటపడినది. దాని వయస్సు నాలుగువేల ఆఱువందల యేండ్లకు పైమాట. కాని ఈ రహస్యము సామాన్యుని యింటి నేలకు దిగివచ్చుటకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చెను.

ఆ పని జరిగినది స్వీడను దక్షిణ భాగమున నీబ్రో యను చిన్న పట్టణమున. అచట 1857 నుండియు కేర్ కుటుంబమువారి కొయ్యపని కార్ఖానా యుండెను. ఆ వంశమున పుట్టిన గుస్టాఫ్ కేర్ 1941 లో అనేక పొరల నేల పలకకు పేటెంటు పొందెను. దాని కట్టడి యిది. పైన ఓకు వంటి గట్టి కొయ్య పొర. నడుమ దేవదారు జాతికి చెందిన మెత్తని కొయ్య బద్దలు, పై పొరకు అడ్డముగా. అడుగున మరల పలుచని కొయ్య పొర, పై పొర దిశలోనే. పై పొర వెడల్పునకు ఉబ్బబోయినపుడు నడిమి పొర తన నిడివితో దానిని పట్టి నిలుపును. కొయ్య తన నిడివిలో దాదాపు మాఱదని చెప్పుకొంటిమి గదా! కొయ్య యొక్క దోషమును కొయ్య గుణముతోనే కట్టివేసిన ఉపాయమిది. దీనికి మఱియొక లాభము గలదు. నూఱేండ్లు పెరిగిన ఓకు చెట్టు కొయ్యను పలక మొత్తమునకు గాక పై పొరకు మాత్రమే వాడవచ్చును. నేటి పలక సాధారణముగా పదునాలుగు, పదునైదు మిల్లీమీటర్ల మందముండగా అందులో పై పొర మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే యుండును. ఒక్క చెట్టునుండి అనేక రెట్ల నేల సిద్ధమగును. నేడు దుకాణమున ఇంజనీర్డు వుడ్డను పేరుతో దొరకునది ఈ పలక సంతతియే.

ఇక రెండవ వస్తువు కథ వినుడు. అదియు దక్షిణ స్వీడనులోనిదే. పెర్‌స్టోర్ప్ అను గ్రామమునకు చెందినది. అచట 1881 లో విల్హెల్మ్ వెంట్ అను నతడు బీచి కొయ్యను మూసిన పాత్రలలో కాల్చి పుల్లని ఆమ్లమును, తారును, బొగ్గును తీయు కార్ఖానా స్థాపించెను. అనగా అది కొయ్యను విడగొట్టి రసాయనములు చేయు స్థలము. కాలక్రమమున ఆ సంస్థ ప్లాస్టిక్కుల దారి పట్టినది.

ఆ దారి వేఱొకచోట మొదలైనది. 1907 లో అమెరికాలో లియో బేక్‌లాండ్ ఫినాలు, ఫార్మాల్డిహైడులను కలిపి బేకలైటు అను గట్టి పదార్థమును సిద్ధము చేసెను. 1913 లో హెర్బర్ట్ ఫేబర్, డానియల్ ఓకానర్ అను ఇద్దఱు ఇంజనీర్లు అట్టి జిగురులో నానిన పొరలను వేడితో నొక్కి విద్యుత్ యంత్రములకు కావలసిన నిరోధక పలకలను చేయుటకై ఒక సంస్థ నెలకొల్పిరి. అంతకుముందు ఆ పనికి అభ్రకము వాడుచుండిరి. అభ్రకమును ఆంగ్లమున మైకా యందురు. మైకాకు బదులు వచ్చినది గనుక ఆ క్రొత్త వస్తువునకు ఫార్మైకా యని పేరు పెట్టిరి. ఈ పేరు మన వడ్రంగులకు సుపరిచితము. 1834 లో జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ మొదట తయారుచేసిన మెలమైను అను పదార్థము నూఱేండ్లు పరిశోధనాగారమున పడియుండి, తుదకు ఈ పలకలకు పారదర్శకమైన గట్టి పైపూతయై ఉపయోగపడెను. పూత పారదర్శకమైన తరువాత దాని క్రింద ఏ బొమ్మ నచ్చువేసిన కాగితమునైనను పెట్టవచ్చును. కొయ్య ఛాయాచిత్రమునైనను పెట్టవచ్చును.

వంటింటి బల్లపై నిలిచిన ఈ పలకను కాలిక్రిందికి తేవలెనను ఆలోచన పెర్‌స్టోర్ప్ సంస్థకు 1977 లో కలిగినది. 1984 లో పెర్గో యను పేరుతో యూరోపునందును, 1994 లో అమెరికాయందును లామినేటు నేల అమ్మకమునకు వచ్చెను. దాని కట్టడి గూడ పొరలదే. అడుగున వంగకుండ నిలుపు కాగితపు పొర; దానిపై కొయ్య నారను జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన దళసరి అట్ట; దానిపై కొయ్య చిత్రము ముద్రించిన కాగితము; అన్నిటికి పైన మెలమైను పూత. ఆ పూతలో అల్యూమినియం ఆక్సైడు పొడి కలుపుదురు. ఇది కురువిందమే. కెంపును, నీలమును ఆ జాతి రత్నములే. ఆంగ్లమున ఆ ఖనిజమునకు గల కోరండము అను పేరు మన దక్షిణదేశపు మాటనుండి పోయినదే. కొయ్య బొమ్మపై రత్నజాతి పొడి పూయుటచే ఆ నేలకు గీతలు సులభముగా పడవు.

ఈ రెండు పలకలను మొదట జిగురుతో అతుకవలసి యుండెను. 1996, 1997 సంవత్సరములలో స్వీడనుకు చెందిన వెలింగె సంస్థయు, బెల్జియమునకు చెందిన యూనిలిన్ సంస్థయు జిగురు లేకయే పలకలు ఒకదానిలో నొకటి చిక్కుకొని బిగిసికొను అంచులను వెలువరించినవి. మొదట లామినేటునకు వచ్చిన ఈ సౌకర్యము కొలది యేండ్లలోనే ఇంజనీర్డు పలకలకును వచ్చినది. నేడు నేర్పుగల గృహస్థుడు ఒక గదిని ఒకటి రెండు దినములలో తానే పఱచుకొనగలడు.

చరిత్ర యింతవఱకు చెప్పిన దానినిబట్టి ఒక సంగతి తేటపడుచున్నది. ఇంజనీర్డు పలక పైనున్నది కొయ్య. లామినేటు పైనున్నది కొయ్య చిత్రము. ఒకటి నిజము, మఱియొకటి ప్రతిరూపము. కాని ప్రతిరూపమగుట చేతనే లామినేటును తిరస్కరించుట న్యాయము కాదు. కుక్కగోళ్ళకును, కుర్చీకాళ్ళకును అది చాల సందర్భములలో నిజమైన కొయ్యకంటె బాగుగ తట్టుకొనును. ఎండ పడినపుడు కొయ్యవలె త్వరగా రంగు మాఱదు. ధర తక్కువ. అద్దె యింటిలో కొలది కాలము ఉండబోవు వారికిని, పసిపిల్లలున్న వారికిని, పరిమితమైన ఆదాయము గలవారికిని అది గౌరవప్రదమైన ఎన్నికయే. దానిని కొయ్యయని చెప్పి అమ్మినపుడే అది దోషమగును.

అయితే ఆయుర్దాయము విషయమున రెంటికిని గల భేదము పెద్దది. ఓకు పొర మాసినను, గీతలు పడినను యంత్రముతో పైపైన రుద్ది క్రొత్త పూత వేయవచ్చును. ఒక్కొక్కమాఱు రుద్దినపుడు అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వఱకు పోవును. కావున మూడు మిల్లీమీటర్లకు పైబడిన పొర గల నేల రెండు మూడు సారులు పునర్జన్మ పొందగలదు. లామినేటునకు ఆ భాగ్యము లేదు. దాని చిత్రము ఒకసారి అరిగినదా, పలకను తీసి పాఱవేయవలసినదే. ఇచట కొనువారు జాగ్రత్తపడవలసిన సంగతి యొకటి కలదు. ఇంజనీర్డు పలకలన్నియు సమానములు కావు. కొన్నిటి పై పొర ఒక మిల్లీమీటరుకంటె తక్కువయే యుండును. వానిని రుద్దుటకు వీలు లేదు. యూరోపు ప్రమాణముల ప్రకారము పార్కే యని పిలువబడుటకు పై పొర కనీసము రెండున్నర మిల్లీమీటర్లుండవలెను. కావున వర్తకుని పలక మొత్తపు మందము గాక పై పొర మందము అడుగవలెను. అట్లే లామినేటునకు అరుగుదల తరగతి యుండును. ఏసీ యను అక్షరముల ప్రక్కన అంకె వేసి దానిని తెలుపుదురు. అంకె పెరిగినకొలది ఓర్పు పెరుగును. సామాన్య గృహమునకు ఏసీ 3 తగినది. నడక ఎక్కువగా నుండు చోట్లకు ఏసీ 4 మేలు.

ఇక ఆరోగ్యము. రెండు పలకలయందును జిగురు కలదు. అట్టి జిగురులలో పెక్కింటినుండి ఫార్మాల్డిహైడు ఆవిరి మెల్లమెల్లగా వెలువడును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004 లో దీనిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. అమెరికా 2010 లో కొయ్య అట్టలనుండి వెలువడు ఈ ఆవిరికి పరిమితి విధించుచు చట్టము చేసినది. యూరోపున ఈ1 అను గుర్తు అట్టి పరిమితిని తెలుపును. భయపడి రెంటిని మానవలసిన పని లేదు. కాని గుర్తు లేని చౌకబారు సరుకును, ముఖ్యముగా పసివారు పరుండు గదికి, కొనుట తగదు. పఱచిన తరువాత కొలది దినములు కిటికీలు తెఱచియుంచుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. వెర్సాయిలో నేలను కడుగు అలవాటు కొయ్యకు చోటిచ్చెను. కాని ఆ కొయ్యను మరల కడిగినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. లామినేటు నడిమి అట్టకు నీరు బద్ధశత్రువు. అంచులగుండ నీరు దిగినచో అట్ట ఉబ్బును. ఎండిన తరువాత గూడ మునుపటి రూపమునకు రాదు. ఇంజనీర్డు పలక కొంత మెఱుగైనను నిలువనీటిని సహింపదు. తడిసిన పొరలు ఊడుటయు, నల్లబడుటయు కలదు. ఇటీవల అంచులకు నీటిని అడ్డు పూతలు పూసిన లామినేటు వచ్చుచున్నది. ఒలికిన నీటిని కొంతసేపు ఆపుట దాని పని. బకెట్టుతో కుమ్మరించిన నీటిని ఆపుట కాదు. కావున మన తల్లులు, అమ్మమ్మలు నేర్పిన నీళ్ళు కుమ్మరించి కడుగు అలవాటును ఈ నేలపై మానుకొనక తప్పదు. బాగుగ పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరనీయవలెను. పనివారికి గూడ ఈ సంగతి ముందుగనే తెలుపవలెను.

పఱచు పనిలోను కొన్ని నియమములు గలవు. క్రొత్తగా పోసిన కాంక్రీటులో తేమ నెలల తరబడి నిలిచియుండును. అది ఆఱినదో లేదో పరీక్షింపక పలక పఱుపరాదు. నేలకును పలకకును నడుమ తేమను ఆపు పొర వేయవలెను. పలకలను తెచ్చిన వెంటనే గాక, ఆ గదిలోనే సుమారు రెండు దినములుంచి అచటి గాలికి అలవాటుపడనిచ్చి పఱుపవలెను. గోడవెంబడి ఎనిమిది, పది మిల్లీమీటర్ల సందు విడువవలెను. లేనిచో వానకాలమున పలక ఉబ్బి నడుమ గుట్టవలె లేచును. క్రింది అంతస్తున చెదల భయమున్నచోట ముందుగ మందు కొట్టింపక ఈ రెంటిలో దేనినైనను పఱచుట ధనమును మట్టిలో పోయుటయే.

ఇంతకును ఏది మేలు? మా అభిప్రాయమిది. ఇల్లు తమ సొంతమై, ఇరువది ముప్పది యేండ్లు అందుననే ఉండదలచి, గాలి పొడిగా నుండు ప్రాంతమున, పై అంతస్తులోని పడకగదికి కొయ్య నేల కోరువారు మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాని పై పొర గల ఇంజనీర్డు పలకను ఎన్నుకొనుట యుక్తము. మొదట వ్యయము అధికమైనను, పునరుద్ధరణకు వీలుగలది గనుక ఏటికి లెక్కించినచో అంత భారము కాదు. తాత్కాలిక నివాసమునకు, ఆటపాటలాడు పిల్లల గదికి, కొద్ది ధనమునకు మంచి తరగతి లామినేటు చాలును. పై పొర పలుచనగు ఇంజనీర్డు పలకకు హెచ్చు ధర పెట్టుటకంటె మంచి లామినేటు కొనుటయే వివేకము. వంటగదికి, స్నానశాల ముందరి తావునకు, సముద్రతీరపు ఊళ్ళలోని నేలమట్టపు గదులకు ఈ రెండును తగవు. తాండూరు బండ, బేతంచెర్ల రాయి అచట నేటికిని రాజులే.

కంటికి కనబడు నునుపును చూచి గాక, కనబడని పొరలను అడిగి తెలిసికొని కొన్న నేల ఏదైనను, ఆ యింటివారికి అదియే మంచి నేల.